పిల్లుల పోటీలో జడ్జికి నియమాలేమైనా ఉంటాయా, మైకు ఉన్నవాడిదే రాజ్యమా?

జున్ను వాళ్లమ్మ
మాది విజయవాడ, సత్యనారాయణపురం. మూడు వారాల కిందట ఊరి బయట ఒక ఫంక్షన్ హాల్లో పిల్లుల పోటీ పెడితే మా జున్నును తీసుకువెళ్లాను. మూడేళ్ల మగపిల్లి, తెలుపు, ఆపరేషను అయింది, ఆరు కిలోలు ఉంటాడు. ప్రైజు రాలేదని ఏడుస్తున్నానని మా ఇంట్లో అందరూ అంటున్నారు. అందుకే ముందే చెబుతున్నాను, ప్రైజు గొడవ నాకు లేదు.

జడ్జిగారు జున్నును ఒంటిచేత్తో పైకెత్తి మైకులో "ఇది పిల్లి కాదండీ, తవుడు బస్తా" అన్నారు. హాలంతా ఒకటే నవ్వు. పక్కన నిలబడిన మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు.

ఇంకొకటి. పోటీ మొదలవక ముందు ఆయన బోనుల మధ్య తిరుగుతూ, పిల్లులు అమ్మే ఒకాయన స్టాల్లో కూర్చుని అరగంట టీ తాగారు. చివరికి ఆ అమ్మకందారు పిల్లికే మొదటి బహుమతి. పూతరేకుల పెట్టె చేతులు మారడం కూడా నా కళ్లతో చూశాను.

అన్నిటికంటే బాధ ఏమిటంటే, సుమారు నలభై పిల్లులను వరసగా పట్టుకున్నారు, మధ్యలో చేతులు కడిగింది లేదు. పన్నెండో రోజుకు జున్ను చెవి వెనక గుండ్రంగా వెంట్రుకలు ఊడాయి. డాక్టరు తామర అన్నారు. ఇప్పుడు మా అమ్మాయి మోచేతికీ అంటింది.

ఎవరికి ఫిర్యాదు చేయాలి?

మిర్చియార్డు మావయ్య
తవుడు బస్తా ఆరు కిలోలు ఎక్కడుంటుందమ్మా? అది మహా అయితే సంచి. తూకం తెలియని మనిషిని జడ్జిగా పెట్టిందెవరు?

వన్‌టౌన్ వాణి
మావయ్యా, పిల్లకు తామర అంటిందని ఆవిడ బాధపడుతుంటే మీకు బస్తాల లెక్క కావాలా.

మిర్చియార్డు మావయ్య
నేను ఆవిడ పక్షమే. నలభై ఏళ్లుగా గుంటూరు యార్డులో కాయ నాణ్యత చూసి ధర చెబుతున్నాను. సరుకు బాగా లేకపోతే ధర తగ్గిస్తాను. అంతేగాని రైతు మొహం మీద నీ సరుకు చెత్త అని పదిమందిలో అనను. అన్నవాడి దగ్గరికి ఆ రైతు మళ్లీ రాడు.

బ్రాడీపేట బైరాగి
ఒక వైపే విని తీర్పు చెప్పేస్తున్నారు. ఆ షోకు నేనూ వెళ్లాను. పొద్దున రెండు గంటలు ఏసీ పనిచేయలేదు. ఆ ఉక్కలో అంత బొచ్చున్న పర్షియన్ పిల్లులు నోరు తెరుచుకుని రొప్పుతున్నాయి, జడ్జి చొక్కా తడిసి ముద్దయింది, రెండు పిల్లులు గీరాయి. ఆ మనిషికి ఇచ్చింది రానుపోను ఖర్చులు, భోజనం. తవుడు బస్తా అనడం చమత్కారం. మన ఊళ్లలో బొద్దుగా ఉన్న పిల్లవాడిని గుమ్మడికాయ అనమా?

వన్‌టౌన్ వాణి
ఇంట్లో అంటాం. మైకులో అనం.

గన్నవరం గేదెల డాక్టరు
నా పేరు చూసి నవ్వకండి. చదివింది గన్నవరం పశువైద్య కళాశాలలో, చూసేది ఎక్కువగా గేదెలను. కానీ ఈ ఐదారేళ్లుగా సాయంత్రం పూట వచ్చేవాళ్లలో సగం మంది పిల్లి బుట్టలతోనే వస్తున్నారు.

తామర విషయం. అది ఒక రకం బూజు. పిల్లి నుంచి పిల్లికి ముట్టుకుంటే అంటుతుంది. దువ్వెన, బోను, తువ్వాలు, మనిషి చేతులు, చొక్కా, అన్నీ మోసుకుపోతాయి. అంటిన తరువాత మచ్చ కనిపించడానికి సాధారణంగా వారం నుంచి మూడు వారాలు పడుతుంది. కాబట్టి పన్నెండో రోజు అనేది షోకు సరిపోతుంది. అయితే జడ్జి చేతుల నుంచే వచ్చిందని చెప్పలేం. పక్క బోను నుంచి రావచ్చు. స్టాల్లో కొన్న దువ్వెన నుంచి రావచ్చు. పైకి ఏ మచ్చా లేని పిల్లి కూడా బొచ్చులో ఆ బూజు మోయగలదు, పర్షియన్లలో మరీ ఎక్కువ. పాపను చర్మవైద్యుల దగ్గరకు తీసుకువెళ్లండి, పిల్లి మందు పాపకు రాయకండి. ఇంట్లో పరుపులు, దుప్పట్లు కూడా ఉతకాలి. లేకపోతే ఒకరికి తగ్గేలోపు ఇంకొకరికి వస్తుంది.

చేతుల సంగతి చెబుతాను. బల్ల మీద సీసాలో స్పిరిట్ జెల్లు పెట్టి "మేం శుభ్రత పాటించాం" అంటారు. పిల్లుల్లో ప్యాన్‌ల్యూకోపీనియా అనే జబ్బు ఉంది. పార్వో జాతి వైరస్, పిల్లకూనలను రెండు రోజుల్లో తీసుకుపోతుంది. గది వాతావరణంలో నెలల తరబడి చావకుండా ఉంటుంది. స్పిరిట్ దాన్ని ఏమీ చేయలేదు. చేతులకు సబ్బు, పారే నీళ్లు కావాలి. బోనుకు, బల్లకు అయితే మామూలు బట్టల బ్లీచు ఒక వంతుకు నీళ్లు ముప్పై రెండు వంతులు కలిపి తుడిచి, పది నిమిషాలు ఉంచి, ఆ తరువాత మంచినీళ్లతో కడగాలి.

ఇంకో మాట. హాలు తుడిచేవాళ్లు ఘాటు ఫినాయిలు కొడతారు. నీళ్లలో పోస్తే పాలలా తెల్లబడే మందులు కూడా అలాంటివే. ఫినాలు జాతి మందులను పిల్లి కాలేయం విరగ్గొట్టలేదు. ఆ నేల మీద నడిచి పాదాలు నాకినా దానికి ప్రమాదమే. నిర్వాహకులు దీన్ని ముందు రోజే చూసుకోవాలి.

మిర్చియార్డు మావయ్య
డాక్టరుగారూ, మధ్యాహ్నం భోజనంలో మిరపకాయ బజ్జీ తిని అదే చేత్తో పిల్లి మూతి పట్టుకుంటే?

గన్నవరం గేదెల డాక్టరు
గుంటూరు బజ్జీ అయితే ఆ జడ్జికి పిల్లే తీర్పు చెబుతుంది.

పాత స్టీవార్డు
హైదరాబాదు, బెంగళూరు షోల్లో కొన్నాళ్లు స్టీవార్డుగా పనిచేశాను. పేరు ఘనంగా ఉంటుంది గాని పని బోనులు తుడవడం. జడ్జి పక్కనే నిలబడతాం కాబట్టి ఎవరి నడవడి ఏమిటో తెలుస్తుంది.

పద్ధతిగా జరిగేచోట జడ్జి చేతికి ఒక పుస్తకం ఇస్తారు. అందులో పిల్లి నంబరు, జాతి, రంగు, ఆడా మగా, వయసు, అంతే. పిల్లి పేరు, యజమాని పేరు ఉండే కేటలాగు మీ చేతిలో ఉంటుంది, జడ్జి కంట పడదు. ఆయన పని పూర్తయ్యేదాకా పిల్లులను పెట్టుకున్న వరసల వైపు రాకూడదు. స్టాల్లో టీ మాట దేవుడెరుగు, అటువైపు మరుగుదొడ్డికి వెళ్లాల్సివస్తే కూడా మేం తోడు వెళ్లేవాళ్లం. తన పిల్లిని, తన దగ్గర పుట్టిన పిల్లిని, ఇంట్లోవాళ్ల పిల్లిని తాను చూడకూడదు. షో జరుగుతున్న రోజు అక్కడే పిల్లిని కొనడం, అమ్మడం, బేరం మాట్లాడడం ఏదీ చేయకూడదు. ఫలానా ఊళ్లో షో ఉందట, నన్ను పిలవండి అని తనంతట తాను అడుక్కోవడం కూడా పెద్ద తప్పు కిందే లెక్క.

పిల్లిని పట్టుకోవడం గురించి. ఛాతీ కింద ఒక చెయ్యి, వెనక కాళ్ల కింద ఇంకో చెయ్యి. ఆరు కిలోల పిల్లిని ఒంటిచేత్తో గాలిలోకి ఎత్తితే అది భయంతో బిగుసుకుపోతుంది, ఒళ్లు సాగదు, ఇక ఏం చూసి తీర్పు చెబుతారు? వేళ్లకు ఉంగరాలు తీసేస్తారు, గోళ్లు కత్తిరించుకుంటారు, అత్తరు పూసుకోరు. ఒక్కో పిల్లి అయ్యాక బల్ల తుడిచి, చేతులు శుభ్రం చేసుకుని, అప్పుడు రెండోది. నలభై పిల్లులకు నలభై సార్లు. నేను చూసిన ఒక పెద్దావిడ చేతులు సాయంత్రానికి పగిలిపోయేవి. కొబ్బరినూనె రాసుకుందామంటే వాసనకు పిల్లులు నాకుతాయని అదీ మానేసేది.

మాట దగ్గరికి వస్తే, బహిరంగంగా పిల్లిలోని మంచే చెప్పాలి. ఒకదాన్ని ఎందుకు పైన పెట్టారో చెప్పాలంటే "దీని తల ఇంకా గుండ్రంగా ఉంది" అంటారు. రెండోదాని తల బాగాలేదు అనరు. వినడానికి ఒకటే అనిపిస్తుంది గాని ఇంటికి వెళ్లే మనిషికి అది వేరు.

జున్ను వాళ్లమ్మగారూ, ఒక్క ప్రశ్న. పోటీకి ముందు మీరు ఆయనతో మాట్లాడారా?

జున్ను వాళ్లమ్మ
మెట్ల దగ్గర ఎదురుపడ్డారు. నమస్కారం పెట్టి, "మాది పదిహేడో నంబరు, తెల్లది, భయస్తుడు, కొంచెం నెమ్మదిగా పట్టుకోండి" అన్నాను. అది కూడా తప్పా?

పాత స్టీవార్డు
తప్పే. నంబరు చెప్పేశారు కదా. పిల్లి భయస్తుడని చెప్పాలంటే మాలాంటి స్టీవార్డుకు చెప్పాలి. మీరు ఆ మాట అన్న క్షణంలో ఆయన "అమ్మా, నాతో చెప్పకండి" అని పక్కకు తప్పుకోవాలి. తప్పుకోకపోవడం ఆయన తప్పు.

బ్రాడీపేట బైరాగి
ఇదిగో, ఇప్పుడు బయటపడింది. టీ తాగినవాడు దొంగ, మెట్ల దగ్గర సిఫారసు చేసిన మనం అమాయకులం.

జున్ను వాళ్లమ్మ
సిఫారసు కాదు. నెమ్మదిగా పట్టుకోమన్నాను. ఆయన పట్టుకోలేదు కూడా.

బ్రాడీపేట బైరాగి
మీ ఉద్దేశం మీకు తెలుసు. అవతలివాడికి వినబడేది "పదిహేడు, తెల్లది". ఆ టీ తాగించినాయన కూడా "ఎండలో వచ్చారు, కూర్చోండి" అని మాత్రమే అని ఉండవచ్చు.

వన్‌టౌన్ వాణి
బైరాగిగారు చెప్పింది ఒప్పుకోబుద్ధి కావడం లేదు, కానీ తోసెయ్యడానికీ లేదు.

రంగస్థలం రిటైర్డు
పిల్లుల గురించి నాకేమీ తెలియదు, మా మనవరాలు ఈ చర్చ చూపించింది. పరిషత్తు నాటకాల పోటీలకు ఇరవై ఏళ్లు న్యాయనిర్ణేతగా తిరిగాను. అక్కడ మొదటి నియమం బస. సమాజాలవాళ్లు దిగిన సత్రంలో మేం దిగకూడదు. రెండో నియమం టిఫిను. ఏ నటుడూ మా బల్ల దగ్గర కూర్చోకూడదు. ఒకసారి ఒక దర్శకుడు నా చిన్ననాటి స్నేహితుడు. మూడు రోజులు ఎదురుపడితే తల తిప్పుకున్నాను. వాళ్లకు బహుమతి రాలేదు. నాలుగో రోజు బస్టాండులో నన్ను పట్టుకుని కౌగిలించుకుని "బహుమతి ఇవ్వలేదు సరే, పలకరించకపోవడం ఏమిటిరా" అని ఏడ్చాడు. మర్యాద పాటిస్తే అలాంటి నష్టాలు ఉంటాయి. ఆ కుర్చీలో కూర్చునేవాడు వాటికి ఒప్పుకునే కూర్చోవాలి.

ఒంగోలు గిత్త
అందుకే మాకు బండ లాగుడు పోటీలే హాయి. ఇచ్చిన సమయంలో ఎడ్లు బండను ఎన్ని అడుగులు లాగాయో టేపు చెబుతుంది. జడ్జి అభిరుచితో పని లేదు, పాలపళ్ల జత అయినా సీనియర్ల జత అయినా లెక్క ఒకటే. అందం చూసి ప్రైజు ఇచ్చే పోటీ ఏదైనా సరే, అక్కడ తగాదా ఖాయం. ఒంగోలు జాతి అందాల పోటీల్లో మూపురం గురించి, గంగడోలు గురించి మొదలైన వాదనలు పెళ్లి సంబంధాల దాకా వెళ్లి చెడిపోవడం చూశాను.

మిర్చియార్డు మావయ్య
ఎడ్లకయితే పళ్లు చూసి విభాగం పెడతారు. పిల్లులకు ఏం చూసి పెట్టారమ్మా అక్కడ?

జున్ను వాళ్లమ్మ
"డాల్ ఫేస్ పర్షియన్" (ముక్కు కనిపించే బొమ్మ మొహం), "పంచ్ ఫేస్ పర్షియన్" (ముక్కు అణిగిన చదును మొహం), "ఇతరములు" అని మూడు బల్లలు. జున్నును మేం కొన్నప్పుడు డాల్ ఫేస్, ట్రిపుల్ కోట్ (బాగా ఒత్తు బొచ్చు) అని చెప్పారు. కాగితాలేవీ ఇవ్వలేదు.

పాత స్టీవార్డు
సగం గొడవ అక్కడే పుట్టింది. డాల్ ఫేస్, పంచ్ ఫేస్, ట్రిపుల్ కోట్ ఇవన్నీ అమ్మేవాళ్ల మాటలు. అమెరికాలో 1906లో పుట్టిన క్యాట్ ఫ్యాన్సియర్స్ అసోసియేషన్ ప్రమాణంలో పర్షియన్ ఒక్కటే. 100 మార్కుల్లో 30 తలకే, కళ్లు చెవులు కలుపుకుని. డాల్ ఫేస్‌కు వేరే ప్రమాణం రాసి లేదు కాబట్టి ఆ బల్ల దగ్గర జడ్జి దేనితో పోల్చి చూస్తాడు? తనకు నచ్చినదాన్ని పెడతాడు. రాసిన కొలత లేని చోట నిజాయితీపరుడు కూడా అనుమానం పాలవుతాడు.

కాగితాలు లేని పిల్లులకు "ఇంటి పిల్లి" అని ఒక విభాగం ఉంటుంది. దానికి జాతి ప్రమాణం ఉండదు. శుభ్రంగా ఉందా, ఆరోగ్యంగా ఉందా, మనిషి చేతిలో ఎలా ఉంది, ఇవి చూస్తారు. వీధిలో దొరికిన చారల పిల్లి కూడా అందులో గెలవగలదు. జున్ను ఉండాల్సింది అక్కడ.

జున్ను వాళ్లమ్మ
అక్కడైతే గెలిచేవాడా?

గన్నవరం గేదెల డాక్టరు
అమ్మా, ఏమీ అనుకోకండి. ఆ విభాగంలో కూడా ఒళ్లు చూస్తారు. పక్కల మీద చెయ్యి ఆనిస్తే ఎముకలు సన్నగా తగలాలి. పైనుంచి చూస్తే నడుము దగ్గర కొంచెం లోపలికి ఉండాలి. తగులుతున్నాయా?

జున్ను వాళ్లమ్మ
వెతికితే తగులుతాయి.

మిర్చియార్డు మావయ్య
డాక్టరుగారూ, అదే మాట మీరు ఎంత చక్కగా చెప్పారో చూశారా. తవుడు ఊసే రాలేదు.

అర్ధరాత్రి మ్యావ్
ఇంత ఘాటు చర్చలో చిన్న చరిత్ర. మొట్టమొదటి పెద్ద పిల్లుల ప్రదర్శన 1871 జులై 13న లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో జరిగింది. పెట్టింది హారిసన్ వీర్ అనే చిత్రకారుడు. జడ్జీలు ముగ్గురు. ఒకరు ఆయనే, ఇంకొకరు ఆయన సొంత అన్న, మూడో ఆయన ఒక పాదిరీ.

బ్రాడీపేట బైరాగి
పుట్టుకలోనే బంధుప్రీతి. ఇక మన ఊరినేమంటాం.

అర్ధరాత్రి మ్యావ్
అలా కాదు, తరువాత వాళ్లే గట్టి పద్ధతులు పెట్టుకున్నారు. ఇంగ్లండులో పిల్లుల షోలకు నియమాలు పెట్టే గవర్నింగ్ కౌన్సిల్ అనే సంఘం 1910లో ఏర్పడింది. వాళ్ల పాత పద్ధతిలో జడ్జి పనిచేసేటప్పుడు యజమానులను హాలు బయటికి పంపేస్తారు. ప్రతి బోనులో ఒకే రకం తెల్ల దుప్పటి, తెల్ల గిన్నె, ఒక నంబరు. పిల్లి ఎవరిదో గుర్తుపట్టే ఆనవాలు ఏదీ ఉండకూడదు. మెడలో మువ్వలు, మంచి పరుపు, ఇవేవీ నడవవు. జడ్జి, స్టీవార్డు ఒక చక్రాల బల్ల తోసుకుంటూ బోను దగ్గరకే వెళతారు. అమెరికా పద్ధతిలో పిల్లినే జడ్జి బల్ల దగ్గరకు తెస్తారు, యజమానులు ఎదురుగా కూర్చుని చూస్తారు. ఐరోపాలో ఫిఫే అనే సమాఖ్య షోల్లో అయితే జడ్జి ప్రతి పిల్లికీ అభిప్రాయం కాగితం మీద రాసి ఇవ్వాలి. నాకైతే ఆ రాసిచ్చే పద్ధతి బాగుంటుంది. రాసేటప్పుడు ఎవరూ తవుడు బస్తా అని రాయరు.

వన్‌టౌన్ వాణి
యజమానులను బయటికి పంపితే మన దగ్గర గేటు విరిగిపోతుంది.

బ్రాడీపేట బైరాగి
నేను చెప్పేది అదే. మన వైపు నడవడి గురించి ఎవరూ మాట్లాడరు. ఆ రోజు ఒకావిడ పిల్లి ఫోటో అచ్చువేసిన చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చుంది. ఇంకొకాయన పిల్లి బల్ల మీద ఉండగా "చిట్టీ, నాన్న ఇక్కడ" అని కేకలు. ఎవరి పిల్లి ఏదో జడ్జికి కేటలాగు అక్కర్లేదు, చెవులుంటే చాలు. మూడో స్థానం వచ్చినాయన రిబ్బను బల్ల మీద విసిరికొట్టి పిల్లి మెడ పట్టుకుని లాక్కుపోయాడు. ఆ మనిషిని ఎవరైనా ఒక్క మాట అన్నారా?

పాత స్టీవార్డు
ఇది నిజం. చొక్కా మీద ఫోటో గురించి నేను ఒకరితో చేతులు జోడించి మరీ చెప్పాను. ఆయన చొక్కా తిరగేసుకుని వచ్చాడు, ఫోటో వీపు మీదికి వెళ్లింది.

ఒకప్పటి జడ్జి
రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మొగల్రాజపురంలో మా అపార్టుమెంటు వార్షికోత్సవానికి పెంపుడు జంతువుల పోటీ పెట్టారు. నా దగ్గర మూడు పిల్లులున్నాయి కాబట్టి పిల్లులకు నేను జడ్జిని. అర్హత అంతే. తొమ్మిది పిల్లులు వచ్చాయి. అందులో సెక్రటరీగారి అమ్మాయి పిల్లి ఒకటి. ఆ నెలలోనే మా ఫ్లాటు నీటి లీకు మరమ్మతు కాగితం ఆయన బల్ల మీద ఉంది.

ఆయన ఒక్క మాట అడగలేదు. ఎవరూ ఏమీ అడగలేదు. నేనే ఆ పిల్లి దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాను. కళ్లు బాగున్నాయి అనుకున్నాను, నిజంగానే బాగున్నాయి. మొదటి బహుమతి దానికిచ్చాను. నాలుగో అంతస్తు వాచ్‌మన్ కొడుకు ఒక నల్లపిల్లిని భుజం మీద వేసుకుని వచ్చాడు. అంత బుద్ధిగా కూర్చున్న పిల్లిని నేను మళ్లీ చూడలేదు. దానికి మూడోది ఇచ్చాను. ఆ పిల్లవాడు ఎంతో సంతోషంగా తీసుకున్నాడు. అదే నన్ను ఇప్పటికీ తినేస్తుంది.

ఆ తరువాత మా లీకు మరమ్మతు ఎనిమిది నెలలకు గాని కాలేదు.

మిర్చియార్డు మావయ్య
లంచం ఇచ్చి కూడా పని కాని మనిషిని మొదటిసారి చూస్తున్నాను.

రంగస్థలం రిటైర్డు
బాబూ, మీరు రాసినది బాగుంది. మాలో కూడా చాలామందికి ఇలాంటి నల్లపిల్లి ఒకటి ఉంటుంది.

కమిటీలో ఒకడిని
ఆ షో నిర్వాహకుల్లో నేనూ ఉన్నాను. చాలా మాటలు వస్తున్నాయి కాబట్టి నాలుగు వివరాలు. పిలిచిన జడ్జి ఆరోగ్యం బాగాలేక ముందురోజు రాత్రి రానన్నారు. వచ్చినాయనకు ఏ సంఘం జడ్జి అర్హతా లేదు, పిల్లులు పెంచిన అనుభవం మాత్రం ఉంది. హాల్లో చేతులు కడిగే తొట్టి భోజనాల వైపు ఉంది, రింగు వైపు, అంటే జడ్జి పిల్లులను చూసే చోట లేదు. డాల్ ఫేస్ బల్ల పెట్టకపోతే సగం మంది రారు, అది ఒప్పుకుంటున్నాను. పూతరేకులు లంచం కాదు. అతిథులకు కమిటీ తెప్పించినవి. ఆ పెట్టెను మా కోశాధికారి తమ్ముడి చేత పంపించాం, ఆయనకే ఆ స్టాలు ఉంది.

వన్‌టౌన్ వాణి
అంటే మొదటి బహుమతి వచ్చిన అమ్మకందారు మీ కోశాధికారి తమ్ముడా?

కమిటీలో ఒకడిని
అవును. కానీ పిల్లి నిజంగా బాగుంది.

బ్రాడీపేట బైరాగి
ఇంతసేపు మీ తరఫున వాదించాను. ఇక నేను టీ తాగి వస్తాను.

పాత స్టీవార్డు
పిల్లి బాగుండవచ్చు. చిక్కు ఏమిటంటే, ఇప్పుడు ఆ పిల్లి బాగుందని ఎవరూ నమ్మరు. మీరు దానికీ అన్యాయం చేశారు. కనీసం మైకులో "ఈ పిల్లి మా కమిటీ సభ్యుల బంధువులది" అని ముందే చెప్పి ఉంటే సరిపోయేది. ఆ షో ఏదైనా సంఘం లైసెన్సు కింద జరిగిందా?

కమిటీలో ఒకడిని
లేదు. సొంతంగా పెట్టుకున్నాం.

పాత స్టీవార్డు
అయితే జున్ను వాళ్లమ్మగారి అసలు ప్రశ్నకు జవాబు దొరికింది. సంఘం కింద జరిగిన షో అయితే సంఘానికి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపవచ్చు, వాళ్లు జడ్జిని సంజాయిషీ అడుగుతారు. ఇక్కడ పైన ఎవరూ లేరు. కమిటీకే రాయాలి. ఒక సలహా, ఎవరికి ఏ స్థానం ఇచ్చారు అనేది ఎత్తకండి. ఎక్కడైనా సరే జడ్జి ఇచ్చిన స్థానం మారదు. మీరు మాట్లాడాల్సింది నడవడి గురించి: చేతులు కడగకపోవడం, ఒంటిచేత్తో ఎత్తడం, మైకులో మాట, పోటీకి ముందు స్టాల్లో కూర్చోవడం. మెట్ల దగ్గర మీరు అన్న మాట కూడా మీరే రాయండి.

జున్ను వాళ్లమ్మ
అది కూడానా?

రంగస్థలం రిటైర్డు
తప్పకుండా. లేకపోతే రెండో ఉత్తరం మొత్తం దాని గురించే వస్తుంది.

గన్నవరం గేదెల డాక్టరు
తామర ఆయన చేతుల నుంచే వచ్చిందని రాయకండి. "షో తరువాత పన్నెండో రోజు కనిపించింది, మిగతా వాళ్లు కూడా తమ పిల్లులను చూసుకోవాలి" అని రాయండి. ఆ నలభై ఇళ్లకు కబురు పంపడం కమిటీ బాధ్యత. ఇప్పటిదాకా ఎవరికీ పంపలేదనుకుంటాను.

ఒంగోలు గిత్త
మా అన్నయ్య కూతురు పిల్లి కూడా ఆ షోకు వెళ్లింది. ఇప్పుడే ఫోను చేసి అడిగాను. తోక దగ్గర మచ్చ ఉందట, దోమ కుట్టిందనుకున్నారట.

కమిటీలో ఒకడిని
ఈ రాత్రికే అందరికీ సందేశం పెడతాను.

జున్ను వాళ్లమ్మ
పది రోజుల తరువాత మళ్లీ వచ్చాను. ఉత్తరం ఇచ్చాను, మెట్ల సంగతితో సహా. కమిటీవాళ్లు ఇంటికి వచ్చారు. మొత్తం ఆరు పిల్లులకు మచ్చలు కనిపించాయట, అందరికీ మందులు మొదలుపెట్టారు. జడ్జిగారు కూడా ఫోను చేశారు. నాతో కాదు, మా అమ్మాయిని పిలిచి మాట్లాడారు. ఏమన్నారని అడిగితే "జున్నుకి సారీ చెప్పమన్నారు" అంది. చెప్పావా అంటే, "వాడు నిద్రపోతున్నాడు" అంది.

వచ్చేసారి రింగు పక్కనే సబ్బు, నీళ్ల డ్రమ్ము పెడతారట. ఇంటి పిల్లుల విభాగం పెడతారట. నన్ను స్టీవార్డుగా ఉండమన్నారు.

పాత స్టీవార్డు
ఉండండి. కానీ ఆ రింగులో జున్నును పెట్టకండి. మీ పిల్లి బల్ల మీదికి వచ్చినప్పుడు పక్కన మీరు నిలబడి ఉంటే, మళ్లీ ఇదే వేదికలో ఇంకొకరు ఇంకో చర్చ మొదలుపెడతారు.

జున్ను వాళ్లమ్మ
అదే మా అమ్మాయికి చెప్పాను. అయితే నువ్వు వెళ్లు, నేనూ జున్నూ ఇంట్లో ఉంటాం అంది.

మిర్చియార్డు మావయ్య
నీళ్ల డ్రమ్ము, మగ్గు, తువ్వాళ్లు నేను పంపిస్తాను. తూకం వెయ్యడానికి కాటా కూడా పంపమంటారా? యార్డు కాటా, ముద్ర వేసినది.

జున్ను వాళ్లమ్మ
కాటా వద్దు మావయ్యా. మా వీధి కిరాణా కొట్లో వారం వారం తూస్తున్నాం. ఈ ఆదివారం 5 కిలోల 800.